రెండు వరుసల కార్డు

కెమెరా బిగుసుకుపోయింది.

సరిగ్గా గోలు పడుతున్న క్షణంలో. వెనక చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది తప్ప, ఎంత నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

మర్నాడు ఎడిటర్ ఆ ఫొటోలన్నీ తిరగేసి, గోలు తప్ప అన్నీ ఉన్నాయనీ, గడ్డి మాత్రం బ్రహ్మాండంగా వచ్చిందనీ అన్నాడు. ఆఫీసంతా నవ్వింది.

ఆ పత్రికలో ఆటల ఫొటోలు తీసేది ఆమె ఒక్కతే. నడకలోనూ మాటలోనూ కోపంలోనూ నలుగురికంటే ముందుంటుంది కాబట్టి అందరూ తొందరమ్మ అని పిలిచేవారు. ఆదివారం పరుగు పందేల ఫైనల్స్. ముగింపు గీత దగ్గర నిలబడే పాసు ఆమెకు దొరికింది. ఇది కూడా తప్పిపోతే ఆటల పేజీ మరిచిపోయి రిబ్బను కత్తిరింపులు తీసుకోవచ్చని ఎడిటర్ ముందే చెప్పేశాడు.

తప్పు కెమెరాది కాదు, అందులో ఫొటోలు దాచే మెమరీ కార్డుది అని ఆఫీసులో ఎవరో అన్నారు. శనివారం సాయంత్రం కెమెరా షాపుకు పరిగెత్తింది.

గాజు బల్ల కింద తపాలా బిళ్లంత కార్డులు, ఒక్కొక్కదాని మీద అరడజను అంకెలు. ఏ అంకె దేనికో అడిగితే, షాపతను చెవి దగ్గర ఫోను తీయకుండానే అన్నీ మంచివేనన్నాడు.

రేపు పందెం గీత దగ్గర సెకనుకు పది ఫొటోలు తీయాలనీ, మధ్యలో ఆగిపోని కార్డు కావాలనీ ఆమె గొంతు పెంచి రెండోసారి చెప్పింది. అతను బంగారు రంగు అట్టలో ఉన్నదొకటి బల్లమీద పడేశాడు. దాని నిండా పెద్ద అక్షరాలతో నూట డెబ్బై అని ఉంది.

"అది మీకు సరిపోదండీ."

పక్కన నిలబడ్డాయన అన్నాడు. వెలిసిపోయిన నీలం చొక్కా, సన్నటి మనిషి. చాలాసేపటినుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు గానీ, ఏమీ కొంటున్నట్టు లేడు.

"ఆ పెద్ద అంకె కార్డులోంచి కంప్యూటర్‌కి ఎక్కే వేగం. కెమెరా దానిమీద రాసే వేగం వేరు. ఇంగ్లిషు వి అక్షరం పక్కన చిన్న అంకె చూడండి, ముప్పై. మీకు తొంభై కావాలి. అలాంటిదాన్ని వెనక్కి తిప్పితే మెరిసే రేకులు రెండు వరుసలుంటాయి."

ఆమెకు ఒళ్లు మండింది. మెడలో కెమెరా వేసుకున్న రోజునుంచీ దారినపోయే ప్రతి మగవాడూ ఆమెకు పాఠం చెప్పేవాడే. ఇలా పట్టుకోమ్మా, అలా నిలబడమ్మా అని. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

అడగలేదు కదా అంది.

ఆయన ఏమీ నొచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి చిన్న పెట్టె తీసి, తన దగ్గర అలాంటిదొకటి ఉందనీ, రేపటికి వాడుకుని షాపులోనే ఇచ్చేయొచ్చనీ అన్నాడు.

"ముక్కూ మొహం తెలియనివాళ్ల కార్డు నా కెమెరాలో పెట్టను. మీ పని మీరు చూసుకోండి."

ఆయన పెట్టె మళ్లీ జేబులో వేసుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"పోనీ, అదే కొనండి. కానీ మొదటినుంచీ నొక్కెయ్యకండి, కార్డు అందుకోలేక కెమెరా ఆగిపోతుంది. చివరి నాలుగడుగులకి దాచుకోండి."

ఆమె తలెత్తలేదు. తొంభై అంకె ఉన్నది షాపులో ఉందేమో కనుక్కోవాలనిపించింది గానీ, ఆయన చెప్పాడన్న కచ్చకొద్దీ అడగలేదు. బంగారు అట్ట కార్డే కొనుక్కుని బయటపడింది.

ఆదివారం, ఆడపిల్లల నాలుగు వందల మీటర్ల ఫైనల్. అందరి కళ్లూ మూడో వరుసలో పోయినేటి విజేత మీదే. ఆఖరి మలుపులో, ఎవరూ లెక్కలోకి తీసుకోని చివరి వరుస పిల్ల ఒక్కసారిగా దూసుకొచ్చింది. తొందరమ్మ ఆ పిల్ల మీదికి కెమెరా తిప్పి, మలుపు దగ్గరే నొక్కేసింది. కెమెరా టకటకటకమంటూ అందుకుంది.

గీత ఇంకా పది అడుగులుందనగా నోరు మూసుకుంది.

ఎర్రదీపం మిణుకుమంది. కంటికి అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. పిల్ల రొమ్ము విరుచుకుని గీత మీద పడడం, జుట్టు గాల్లోకి లేవడం, పోయినేటి విజేత తెల్లబోవడం. వేలు నొప్పిపుట్టేలా నొక్కింది. కెమెరా మేలుకునేసరికి పిల్ల నేలమీద బోర్లా పడి రొప్పుతోంది.

తొందరమ్మ కార్డును తిట్టింది, షాపతన్ని తిట్టింది, తిట్టడానికి ఇంకెవరూ మిగలక తనను తిట్టుకుంది.

కాసేపటికి ఆ పిల్లే పతకం మెడలో వేసుకుని దగ్గరికొచ్చింది.

"అక్కా, నేను గీత దాటేటప్పటిది ఒక్క ఫొటో ఇస్తారా? నాన్నకి చూపించాలి."

అది రాలేదని ఆమె చెప్పింది. పిల్ల ముఖం చిన్నబోయింది. పర్లేదక్కా అంది.

ఆ పిల్ల కళ్లలోకి చూడలేక తొందరమ్మ పుస్తకం తెరిచి, పత్రికలో వెయ్యాలి, నీ కోచ్ ఎవరని అడిగింది. కోచ్ ఎవరూ లేరంది పిల్ల. నాన్న బస్సు డిపోలో మెకానిక్. రోజూ పొద్దున్నే తను పరిగెత్తుతుంటే పాత కెమెరాతో ఫొటోలు తీసి, పాదం ఎక్కడ తప్పు పడుతోందో అడుగడుగూ చూపించి దిద్దేవాడు.

"మరి ఇవాళ రాలేదేం?"

"సెలవు దొరకలేదక్కా. అందుకే ఇవాళ గీత దగ్గర నిలబడేవాళ్లెవరైనా కనబడితే తన కార్డు ఇద్దామని, నిన్న సాయంత్రమంతా కెమెరా షాపులో కాచుకుని ఉన్నాడు."