ఎడమ తలుపు లాకు

కారు తలుపుల లాకుల్లో లోపం ఉంది, ఉచితంగా మారుస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. పంజాగుట్ట మలుపులో ఎడమ తలుపు తెరుచుకుని నా భార్య మంజూష రోడ్డు మీద పడి చనిపోయిన రెండేళ్లకు రాసింది. తప్పు కంపెనీదేనని ఆమె అన్నదమ్ముల ముందు ఆ కాగితం పడేశాను.

అమీర్‌పేట సర్వీస్ సెంటర్‌లో పొద్దుటి నుంచి కూర్చుంటే రాత్రి తొమ్మిదికి పని అయింది. మెకానిక్ విజయేందర్ పాత లాకులు కవరులో పెట్టి ఇచ్చాడు.

"మూడు ఖరాబైనయి సార్. ముందల ఎడమది మాత్రం మస్తుగున్నది. లోపలి నుంచి గుంజితేనే తెరుచుకుంటది."

"సరిగ్గా చూశావా?"

"నాలుగుసార్లు చూసిన సార్. ఫికర్ చెయ్యకుండ్రి, అది సుత కొత్తదే ఏసిన."

బయలుదేరాను. కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మంజూష పోయిన ఆ రాత్రీ ఇదే దారి. మధ్యలో ఏదో గొడవ. "నాతో అంత కష్టంగా ఉంటే దిగిపో" అన్నాను. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పంజాగుట్ట మలుపు వచ్చింది. పక్క సీటు ఖాళీగా ఉంది. ఎడమ తలుపు లాకు టక్కుమని పైకి లేచింది.

నేనింకా ఏమీ అనలేదు.