ఒట్టు వెయ్యనివాడు

రెండో బాయిలర్ చల్లారింది. వెంకటేశం మాత్రం మండిపోతున్నాడు.

పాశమైలారం దగ్గరి ఆ ఇథనాల్ ఫ్యాక్టరీలో అతనూ శివశంకరూ బాయిలర్ మనుషులు. స్పిరిట్‌లోంచి నీళ్లను విడదీసే కాలమ్ అడుగు నుంచి సలసల కాగే నీళ్లు ఒక పైపులో పడి వృథాగా కాలువలోకి పోయేవి. భార్య రాజవ్వ కట్టిచ్చిన సద్దిని వెంకటేశం ఆ పైపు మీదే వేడి చేసేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ పంచుకుని తినేవారు.

కొత్త ఇంజనీరు కృష్ణప్రియ ఆ పైపును మళ్లించి, కాలమ్‌లోకి పోయే స్పిరిట్‌ను ఆ నీళ్లతోనే వేడి చేయించింది. ఆవిరి ఖర్చు బాగా తగ్గింది. ఇక ఒక్క బాయిలర్ చాలన్నారు. ఇద్దరిలో ఒకరికే పని అన్నారు.

ఆమెకు పైపు సంగతి ఎవరు చేరవేశారు? ఆమెతో శివశంకర్ ఆ పైపు దగ్గరే మాట్లాడటం వెంకటేశం కళ్లారా చూశాడు.

"మేడమ్‌కు ఏం జెప్పినవ్?"

"ఏం జెప్పలే అన్నా."

"మరి ఆమెకెట్ల ఎరుకైంది? నీకు తెల్వదా? దుర్గమ్మ మీద ఒట్టేసి చెప్పు."

శివశంకర్ తల దించుకున్నాడు. ఒట్టు మాత్రం వెయ్యలేదు.

"నా సద్ది తిని నాకే గోతులు తీసినవ్ కద తమ్మీ."

వెంకటేశం అక్కడితో ఊరుకోలేదు. క్యాంటీన్‌లో అందరికీ చెప్పాడు. శివశంకర్ పక్కన కూర్చుని తినేవాళ్లే లేకుండా పోయారు. ఆ నెల తిరక్కముందే అతను తనంతట తానే పని మానేసి, ముత్తంగిలో ఏదో గోదాములో మూటలెత్తే పనికి కుదిరాడు. పీడ విరగడైందనుకున్నాడు వెంకటేశం. అయినా మధ్యాహ్నం సద్ది విప్పగానే అలవాటుగా రెండు వాటాలు వేసేవాడు.

కంపెనీ కృష్ణప్రియకు సన్మానం చేసింది. మెడలో దండతో ఆమె మైకు అందుకుంది.

"ఈ సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదండీ. ఒక వస్తువు చెప్పింది. దాని మీద పేరుంది కానీ, ఆ పేరున్న మనిషి మన ఫ్యాక్టరీలో లేరు. ఎవరిదో చెప్పమని శివశంకర్ గారిని ఎంత బతిమాలినా నోరు విప్పలేదు."

గోడ మీద తెల్లటి తెర వెలిగింది.

పైపు మీద పొగలు కక్కుతున్న స్టీలు డబ్బా, దాని మూత మీద చుక్కల అక్షరాల్లో చెక్కి ఉన్న పేరు, రాజవ్వ.