కలపని నీళ్లు

“ఈ ప్రకటన కాగితం మీద నేను సంతకం పెట్టను సార్,” అంది పరిశోధక విద్యార్థిని.

ప్రొఫెసర్ గోడ గడియారం వైపు చూశారు. పక్క హాల్లో విలేకరులు కూర్చుని ఉన్నారు. తమ గాజు పాత్రలో పరమాణువులు కలిసిపోయి, ఇచ్చిన కరెంటుకు మించిన వేడి పుట్టిస్తున్నాయని పది నిమిషాల్లో ఆయన ప్రకటించాలి.

“కరెంటు లెక్క ప్రకారం నలభై నాలుగు డిగ్రీలే రావాలి. మూడు నెలలుగా నలభై ఏడు వస్తోంది. ఇంకేం కావాలమ్మా నీకు?”

“థర్మామీటరు నీళ్ల పైభాగంలోనే ఉంది సార్. అడుగున ఎంతుందో మనం ఏ రోజూ చూడలేదు. ఒక్కసారి కలపనివ్వండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. బయటివాళ్లెవరో కలిపి చూసేదాకా ఆగుదామా?”

ఆయన వద్దనలేదు. ఆమె గాజు కడ్డీతో నీళ్లను మెల్లగా తిప్పింది. అంకె నలభై ఆరుకు, నలభై అయిదుకు దిగి, నలభై నాలుగు దగ్గర ఆగిపోయింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. అది చూసి ఆమే ఆశ్చర్యపోయింది.

“మీకు ముందే తెలుసా సార్?”

“తెలీదు. అనుమానం ఉండేది. ఆ కడ్డీని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో. తిప్పడానికే ధైర్యం చాల్లేదు.”

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచారు.

“ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నువ్విక్కడే ఉండు. విలేకరులు నవ్వితే నన్ను చూసే నవ్వనీ.”

“ఉండను. మూడు నెలలూ ఆ అంకె రాసింది నేనే,” అంటూ ఆమె ఆయనకన్నా ముందు వెళ్లి హాలు తలుపు తీసింది.