పలక మీది పేరు

“ఆ పేరు రాయించావంటే రేపటి నుంచి నా ఉద్యోగం ఊడినట్టే అమ్మా!” అన్నాడు హిదెకి, పళ్ళు బిగించి.

అంత్యక్రియల హాలు గుమ్మంలో నిలువెత్తు చెక్క పలక నిలబెట్టి ఉంది. పోయినవాళ్ళ పేరు దాని మీదే రాస్తారు. రాసేవాడు కుంచె సిరాలో ముంచి, తల్లీకొడుకుల వంక మార్చి మార్చి చూస్తున్నాడు. లోపల పెట్టెలో హిదెకి తండ్రి ఉన్నాడు.

ఒక్‌సున్ తగ్గలేదు. గొంతు మాత్రం తగ్గించింది. “మీ నాన్న పేరు కో తేసిక్. జెజు దీవిలో వాళ్ళమ్మ పెట్టిన పేరు. ఈ ఒసాకాలో బతికినన్నాళ్ళూ తకయామ, తకయామ అని జపాను పేరుతో పిలిపించుకున్నాడు. పోయేటప్పుడైనా తన పేరుతో పోనివ్వరా.”

“ఇంకాసేపట్లో అరాయ్‌గారు వస్తారు. నాన్న కొరియావాడని ఆయనకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? నేను పనిచేసేది ఆయన కిందే. అసలు నాన్న ఇన్నేళ్ళూ దాచింది ఎవరి కోసం? మన కోసం కాదూ?”

అరాయ్ పేరు వింటేనే ఒక్‌సున్‌కు ఒళ్ళు మండుతుంది. పంపుల ఫ్యాక్టరీలో ఆయన చీఫ్ ఇంజనీరు. పక్క బల్ల తేసిక్‌ది. సోమవారం పొద్దున్నే అరాయ్ ముక్కు ఎగబీల్చి, “ఎక్కడిదయ్యా ఈ వెల్లుల్లి కంపు? కొరియావాడెవడైనా దూరాడా?” అనేవాడట. గదంతా నవ్వేవారట. అందరికంటే గట్టిగా తేసిక్ నవ్వేవాడట. ఆ ముక్కుకు జడిసి వాళ్ళింట్లో శనివారం రాత్రి తప్ప వెల్లుల్లి దట్టించిన కిమ్చి పచ్చడి జాడీ మూత తీసేవారు కాదు. ఆదివారమంతా చలిలో కూడా కిటికీలు బార్లా తెరిచి కూర్చునేవారు. పెళ్ళాంబిడ్డల కోసం ఏ మగాడైనా చెమటోడుస్తాడు. ఈయన నాలుక రుచినీ, కన్నతల్లి పెట్టిన పేరునీ కూడా వదులుకున్నాడు.

“పోనీ, మన పద్ధతిలో దణ్ణమైనా పెట్టరా. చేతులు నుదుటికి ఆనించి, నేల మీద సాగిలపడి, రెండుసార్లు. పోయినవాళ్ళకి కొడుకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?”

“ఇక్కడందరూ చిటికెడు ధూపంపొడి వేసి, తల వంచి వెళ్ళిపోతారు. మధ్యలో నేను నేల మీద పడ్డానంటే, మేం ఫలానా అని టముకు వేసుకున్నట్టే. నువ్వు కూడా నోరు తెరిచి ‘అయిగో’ అని మనవాళ్ళలా ఏడవకు. నీకు పుణ్యముంటుంది.”

రాసేవాడు చిన్నగా దగ్గాడు. “ఏ పేరు రాయమంటారండీ?”

“తకయామ,” అన్నాడు హిదెకి.

ఒక్‌సున్ మొహం తిప్పుకుని, చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది.

అరాయ్ వచ్చాడు. నల్ల సూటులో, నెరిసిన తలతో, ఎంతో పెద్దమనిషిలా ఉన్నాడు. నాలుగు మాటలు చెప్పమంటే లేచి, పెట్టె పక్కన నిలబడ్డాడు.

“కుర్రతనంలోనే ఒంటరిగా ఒసాకా చేరానని చెప్పేవాడు తకయామ. ఏ ఊరి నుంచయ్యా అంటే నవ్వి ఊరుకునేవాడు. పగలు లేతు మీద పని, రాత్రి బళ్ళో చదువు. అలా ఇంజనీరయ్యాడు. అతను గీసిన పంపు చుక్క నీరు కారేది కాదు. సాయంత్రం తాగడానికి రమ్మంటే ఒక్కనాడూ రాలేదు. ఇల్లు, భార్య, కొడుకు, అంతే అతని లోకం. ముప్ఫై ఏళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. మా మధ్య దాపరికమన్నదే లేదు.”

దాపరికం లేదట! ఒక్‌సున్‌కు దుఃఖం ఆగిపోయి మంట పుట్టింది. ఈ మహానుభావుడి ముక్కే లేకపోతే తన మొగుడు ముప్ఫై ఏళ్ళూ ఇష్టమైన తిండి తిని ఉండేవాడు.

వచ్చినవాళ్ళు ధూపం వేసి, తలలు వంచి, ఒక్కొక్కరే బయటికి నడిచారు. శ్మశానానికి తీసుకెళ్ళే బండి కూడా వచ్చి ఆగింది. అరాయ్ మాత్రం కదల్లేదు.

“అమ్మా, మీకు అభ్యంతరం లేకపోతే తకయామ దగ్గర ఒక్క నిమిషం ఒంటరిగా ఉంటాను,” అన్నాడు.

“అలాగేనండీ, అలాగే,” అంటూ హిదెకి నడుం విరిగేలా వంగి, తల్లిని బయటికి నడిపించి తలుపు దగ్గరగా వేశాడు. ఎవరూ లోపలికి పోకుండా తలుపుకు వీపు తిప్పి కాపలా నిలబడ్డాడు.

“ఇంకా ఏం మిగిలిందట ఈయనకి? శవాన్ని కూడా వాసన చూస్తాడా?” అని గొణుక్కుని, ఒక్‌సున్ చేతిరుమాలు మళ్ళీ నోట్లో కుక్కుకుని తలుపు సందులోంచి తొంగిచూసింది. చూసి, అలాగే కొయ్యబారిపోయింది.

“అయిగో... అయిగో...”

గొంతు పూడుకుపోయిన ఏడుపు విని హిదెకి ఉలిక్కిపడ్డాడు. వెనక్కి తిరక్కుండానే కసిరాడు. “అమ్మా! నోరు మూసుకో. అరాయ్‌గారు విన్నారంటే మన కొంప మునుగుతుంది!”

ఒక్‌సున్ నోట్లో చేతిరుమాలు అలాగే ఉంది. లోపల అరాయ్ బూట్లు విప్పేసి, రెండు చేతులూ నుదుటికి ఆనించి, రెండోసారి నేల మీద సాగిలపడుతున్నాడు.