బండ మీది మేత

"ఒక్క నొప్పి సూది వేయించవయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా. దాని మూలుగు వినలేకపోతున్నా."

రాబందుల కాపలాదారు తన భార్య వైపు చూడలేదు. పాకలో పక్కకు ఒరిగిపోయిన ఆవు వైపూ చూడలేదు. "డాక్టరు చెప్పాడుగా, ఇక లేవదని."

"లేవకపోతే మాత్రం? పోయేదాన్ని హాయిగా పోనివ్వవా?"

"ఇక్కడి షాపుల్లో దొరికే సూదిమందు పశువు ఒంట్లోనే ఉండిపోతుంది. చచ్చాక రాబందులు తిన్నాయంటే వాటి పనీ అయిపోయినట్టే. పోయినేడు మెడలు వాల్చేసి ఎలా రాలిపోయాయో చూశావుగా."

"అయితే బండ మీద వేయకు. పూడ్చిపెడదాం."

"మరి రేపు మేడమ్‌కి ఏం చూపించను, నా మొహమా? బండ మీద మేత లేకపోతే పక్షులు దిగవు. దిగకపోతే సంస్థవాళ్లు సాయం ఆపేస్తారు. మిగిలిన ఆ గుప్పెడు పక్షులకీ దిక్కుండదు."

భార్య అతన్నే చూస్తూ నిలబడింది. "అంటే, ఇదెప్పుడు చస్తుందా అని కూర్చున్నావన్నమాట. దాని పాలు తాగిన నోరేనా అది!"

పాక బయట చెప్పుల చప్పుడైంది. సాయం చేసే సంస్థ పంపిన మేడమ్. ఈ పనికి కొత్తనీ, పక్షుల గురించి తనకేమీ తెలియదనీ వస్తూనే నవ్వుతూ చెప్పేసిన మనిషి.

"అయ్యో, ఎందుకలా మూలుగుతోంది?"

చావు కోసం చూస్తున్నామని ఏ నోటితో చెబుతాడు? "ఏం లేదమ్మా, కాస్త అజీర్తి. పొద్దుటికి తగ్గిపోతుంది."

భార్య బిందె అందుకుని విసురుగా నీళ్లకు వెళ్లిపోయింది. బండ దగ్గర తొట్టి కడగాలంటూ అతనూ జారుకున్నాడు.

తెల్లారేసరికి ఆవు పోయింది.

"నువ్వేం మందూ వేయించలేదు కదా?"

"నీ మీద ఒట్టు," అంది భార్య, ఆవు చెవి నిమురుతూ. "రాత్రి మూలుగు కూడా ఆగిపోయింది. నిద్రపోయినట్టే పోయింది, పిచ్చిది."

మెడలోని గంట విప్పి జేబులో వేసుకున్నాడు. మేడమ్ రాకముందే ఆవును ట్రాక్టరుకు కట్టి బండ మీదికి లాగించాడు.

తడిక చాటు నుంచి అతనూ మేడమూ చూస్తున్నారు. చాలాసేపు ఆకాశం ఖాళీగా ఉంది. తరువాత ఒకటి దిగింది. దాని వెనకే మిగతావన్నీ. రెక్కల గాలికి దుమ్ము లేచింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ తింటున్నాయి.

"ఇంకా ఎక్కడైనా ఉన్నాయా ఇవి?"

"ఈ చుట్టుపక్కల మిగిలినవి ఇవేనమ్మా. ఒక్కటి కూడా మిగలకుండా అన్నీ వచ్చేశాయి."

మేడమ్ బైనాక్యులర్స్ దించి కళ్లు తుడుచుకుంది. "సాయం ఆగదు. ఆ పూచీ నాది."

కాపలాదారుకు అప్పటికి ఊపిరాడింది. జేబులోని గంటను గుప్పిట్లో నొక్కిపట్టుకున్నాడు.

"అన్నట్టు మీ ఆవుకు తగ్గిందా?" అంది మేడమ్. "నిన్న మీరిద్దరూ అటు వెళ్లాక ఆ బాధ చూడలేక, మా డ్రైవర్‌ని పంపి మందుల షాపతన్ని పిలిపించి, నొప్పి సూది నేనే వేయించాను."