మొగ్గకు దారం

"ముప్పై నాలుగు!"

పింజ పొడవు కొలిచే ల్యాబ్ మేడం అరిచినంత పని చేసింది. ఆ పత్తి పరిశోధన కేంద్రంలో ఇంతవరకు ఎవరి దూదీ ముప్పై మిల్లీమీటర్లు దాటలేదు. గదిలో ఉన్నవాళ్లంతా బావమరిది వీపు తట్టారు. బావ కూడా తట్టాడు, కాస్త గట్టిగానే.

ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. పత్తి మొక్కల్ని సంకరం చేసి, మంచి దూదినిచ్చే వంగడాలు తయారుచెయ్యడం. బావకు తల నెరిసింది. వచ్చే పంటతో రిటైర్మెంట్. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన పేరు మీద ఒక్క వంగడం లేదు. ఇప్పుడు చూడబోతే భార్య తమ్ముడు, తను సిఫారసు చేసి చేర్పించిన కుర్రవెధవ, తన కళ్లముందే ఎక్కిపోతున్నాడు.

"చేత్తో పట్టుకుని చూడండి బావా," అంటూ బావమరిది ఆ దూదిని ఆయన అరచేతిలో పెట్టాడు. "ఏమైనా అనిపిస్తోందా?"

"ఏమనిపిస్తుంది? దూదిలా ఉంది."

బావమరిది నవ్వాడు. ఆ నవ్వుకు బావ ఒళ్లు మండిపోయింది.

"ఇంకేంరా, వంగడానికి నీ పేరు పెట్టేస్తారు."

"మన కేంద్రం పద్ధతి మీకు తెలియనిదేముంది బావా? పెంచింది ఎవరైనా, మొదటి సంకరం చేసినవాళ్ల పేరే."

పనిగట్టుకుని చెప్పాలా ఆ సంగతి! గొప్పలు పోవడం కాకపోతే.

నిజానికి బావకూ ఒకప్పుడు చెయ్యి తిరిగిన రోజులున్నాయి. సంకరం చేసి పట్టులాంటి దూదినిచ్చే మొక్కనొకదాన్ని తీశాడు. కాయ మాత్రం గోలీకాయంతే వచ్చింది. "దీన్ని ఏరాలంటే భూతద్దం కావాలయ్యా," అన్నాడు అప్పటి డైరెక్టరు అందరి ముందూ. అందరూ పగలబడి నవ్వారు. బావ ఆ మొక్కను పగిలిన కాయలతో సహా పీకి చెత్తకుప్ప మీద విసిరికొట్టాడు. ఆ తర్వాత తీసినవేవీ పైకి రాలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో అక్కాతమ్ముళ్ల గుసగుసలు వినిపించాయి. బావ గుమ్మంలోకి రాగానే ఇద్దరూ టక్కున మాట ఆపేశారు.

"ఏమిటా సంగతి?"

"ఏం లేదండీ," అంది భార్య నవ్వు దాచుకుంటూ.

తమ్ముడు గెలిస్తే సంబరమే మరి. మొగుడు ఏమైపోతే ఏం? బావ చెప్పులు విసురుగా విడిచాడు.

"బావా, పది రోజులు శిక్షణకు వెళ్లమన్నారు," అన్నాడు బావమరిది. "సరిగ్గా పూత సమయం. ఆ ముప్పై నాలుగు పత్తి వేసిన మూల వరసలో మొగ్గలకు మీరే దారం కట్టాలి."

"కూలీలు లేరా?"

"ఉన్న గింజలన్నీ అక్కడే విత్తేశాను బావా. నిల్వలో ఒక్కటి కూడా లేదు. వేరేవాళ్లను నమ్మలేను. మీ చేత్తోనే కట్టాలి."

"మీరు కడితేనే బాగుంటుందండీ," అంది భార్య. ఆ మాట అంటుంటే ఆమె కళ్లు మెరిశాయి.

అక్కాతమ్ముళ్లు కలిసి నన్ను దారాలు కట్టే కూలీవాణ్ణి చేశారన్నమాట, అనుకున్నాడు బావ. పైకి మాత్రం, "దానికేం, కడతాను," అన్నాడు.

పత్తి మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా ఈ సాయంత్రమే దాని కొసకు దారం బిగించాలి. ఇక పువ్వు నోరు తెరవదు, తేనెటీగ లోపలికి దూరదు, తన పుప్పొడితోనే తను కాయ కాస్తుంది. గింజ కల్తీ కాదు. ఆ దారం రెండో కొసను కాడకు ముడి వేస్తారు, ఏరేటప్పుడు గుర్తుకోసం; పువ్వు ఎండి రాలాక మిగిలేది ఆ ముడే.

మొదటి సాయంత్రం బావ నాలుగు మొగ్గలకు బుద్ధిగానే కట్టాడు. పక్క మడిలో ఎవరో, "ఆ వరసేనా ముప్పై నాలుగుది? కుర్రాడు సాధించాడే!" అన్నారు. ఐదో మొగ్గ దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

అక్కణ్నుంచి కాడకు మాత్రమే ముడి వేశాడు. మొగ్గ కొసను వదిలేశాడు.

తెల్లారి లేతపసుపు పూలు హాయిగా విచ్చుకున్నాయి. చుట్టుపక్కల మడుల్లోని ముతక పత్తి పుప్పొడిని ఒంటినిండా పూసుకుని తేనెటీగలు వచ్చి వాలాయి. మర్నాటికి ఆ పూలు గులాబీరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. బావ ఒక్క మొగ్గ తుంచలేదు, ఒక్క ఆకు చింపలేదు. పది రోజులూ అలాగే చేశాడు.

తిరిగొచ్చిన బావమరిది వరసంతా తిరిగి చూసుకున్నాడు. ప్రతి కాయ కాడకూ దారం కనిపించింది.

"ఎంత ఓపిగ్గా కట్టారు బావా!" అన్నాడు.

మరుసటి పంటకు ఆ గింజలే విత్తారు. వంగడాన్ని విడుదల చెయ్యాలా వద్దా తేల్చడానికి కమిటీ వచ్చింది. మడిలో ఒక మొక్క నడుమెత్తు, పక్కది భుజమెత్తు. ఒకదాని దూది పట్టు, ఇంకోదానిది కొబ్బరిపీచు. "అంతా కల్తీ," అని కమిటీ పెద్ద చేతులు దులుపుకున్నాడు. ఏడాదిగా రగులుతున్న కడుపు బావకు ఒక్కసారిగా చల్లబడింది.

అందరూ వెళ్లాక రెండు కప్పుల టీ పట్టుకుని మడి దగ్గరకు వెళ్లాడు. బావమరిది గట్టు మీద కూలబడి ఏడుస్తున్నాడు.

"ఊరుకోరా. నీకింకా బోలెడు సర్వీసుంది. ఇంకోటి తీస్తావులే."

"నాకుంది బావా. మీకే లేదు."

"మధ్యలో నా సంగతెందుకు?"

బావమరిది మట్టిచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "గెలిచాకే చెబుదామనుకున్నాం, అక్కా నేనూ. మళ్లీ ఎవరైనా నవ్వితే మీరు తట్టుకోలేరని."

"ఏం చెబుదామని?"

"ఆ రోజు చెత్తకుప్ప మీది కాయలు ఏరి పెంచాను. ఇవన్నీ మీరు పీకి పారేసిన మొక్క పిల్లలే బావా."