వదిలేసిన మేక

పిల్లలకు లెక్కలు నేర్పడానికని లెక్చరర్ అచ్యుతరామయ్య రెండేళ్లు కూర్చుని ఆ ఇనుప చేతిని తయారు చేశాడు. అది పులిజూదం ఆడేది. పులులు దానివి, మేకలు మనవి. దొరికిన మేకను వదిలిపెట్టడం మాత్రం ఆయన దానికి నేర్పలేదు. కాలేజీ అంతా దాని చేతిలో ఓడి, ఓడినందుకే మురిసిపోయేది.

ఆ రాత్రి ల్యాబ్‌కు తాళం వేసే ముందు అటెండరు గవర్రాజు అచ్యుతరామయ్య ఎదుటే రోజూలాగే ఆటకు కూర్చున్నాడు. హార్బర్‌లో ఓడ కూత ఆగాక గదిలో మోటారు రొద ఒక్కటే మిగిలింది. పులి పక్కన మేక ఒంటరిగా చిక్కింది. ఇనుప చెయ్యి దాని మీదికి వచ్చి, ఆగి, వెనక్కి వెళ్లిపోయింది. కాసేపటికి పులులకు కదిలే దారి లేకుండా పోయింది.

"నెగ్గీసాను బాబూ! సూడండి, నెగ్గీసాను!" గవర్రాజు చిన్నపిల్లాడిలా గెంతాడు.

అచ్యుతరామయ్యకు ఒళ్లు జలదరించింది. ఆయన కూడా ఒకసారి ఇలాగే చేతికందిన మేకను వదిలేశాడు. ఆస్పత్రి మంచం మీద, ఇక బతకడని తెలిసిన నాన్నతో ఆడిన ఆఖరి ఆటలో.

"ఎక్కడో చెడినట్టుందిరా," అంటూ ఈసారి తనే కూర్చున్నాడు.

ఏమీ చెడలేదు. చూస్తూండగానే అది ఆయన మేకలన్నిటినీ ఏరిపారేసింది. ఎంత నేర్పు, ఎంత పొందిక! తన చేతిపనికి పొంగిపోవలసిన మనిషి గవర్రాజు మొహంలోకి తేరిపార చూశాడు.

గవర్రాజు పగలబడి నవ్వాడు.

"తమర్నయితే వదల్లేదు బాబూ! నా మీదే ఏటో జాలి దానికి."